అస్తరు లేని కోటు

శృంగవరపుకోట,
9 అక్టోబరు 1926.

నాకు అక్షరాలు దిద్దించిన తెరిసమ్మక్కకు,

నీ ఉత్తరం బుధవారం చేరింది. మన ఊళ్ళో సామలు కోతకొచ్చాయని, నీ బడికి కొత్తగా పిల్లగుంటలు వస్తున్నారని చదివి సంతోషపడ్డాను. టపా రన్నరు కూతుర్ని కదా, ఉత్తరం చేతికి రాగానే చదవక ముందు ఒకసారి వాసన చూస్తాను. సంచి వాసన, నెగడు పొగ వాసన కలిసి వస్తాయి. అయ్య దాన్ని అరకు నుంచి అనంతగిరి చావిడి దాకా మోసి ఉంటాడు. అక్కడ కింది నుంచి ఎక్కి వచ్చిన రన్నరు తన సంచి అయ్యకిచ్చి, అయ్య సంచి తాను తీసుకుని ఇక్కడికి దిగుతాడు. ఆ కింది రన్నరు ఎవరో నేనెప్పుడూ చూడలేదు. టపా వచ్చే వేళకు మేం క్లాసులో ఉంటాం.

ఇప్పుడు రాయవలసిన సంగతి. మా బడి వ్యాసాల పోటీలో నాకు మొదటి బహుమానం వచ్చింది. మన కొండల్లో వాన ఎలా వస్తుందో రాశాను. ముందు వాసన వస్తుందని, తర్వాత చప్పుడు వస్తుందని, మనిషికి ఆఖర్న కనిపిస్తుందని రాశాను. బహుమానం ఇవ్వడానికి వచ్చిన దొరసానికి ఆ వాక్యం తెలుగులోనే చదివి వినిపించారు. ఆమె నవ్వి, బల్ల మీద రెండు వస్తువులు పెట్టి నీకేది కావాలో తీసుకో అన్నారు. ఒకటి దొరల సీమ నుంచి దానపు పెట్టెలో వచ్చిన బూడిద రంగు ఉన్ని గుడ్డ. దళసరిగా, మెత్తగా ఉంది. నేను దాన్ని తీసుకున్నాను.

అయ్యకు కోటు కుడతాను అక్కా. పోయిన చలికాలం అయ్య ఒక్క దుప్పటి కప్పుకునే సంచి మోశాడు కదా. వేసవి సెలవులకు వచ్చినప్పుడు కూడా ఆ దగ్గు పూర్తిగా పోలేదు. ఈ డిసెంబరులో మా ఎనిమిదో క్లాసు వాళ్ళం కుట్టుపని పరీక్షకు మగవాళ్ళ కోటు ఒకటి కుట్టి చూపాలి. మిగతా పిల్లలకు బడివాళ్ళు తెల్ల డ్రిల్లు గుడ్డ ఇస్తారు. నేను నా ఉన్ని గుడ్డతో కుడతానంటే మా కుట్టుపని టీచరు మగ్దలేనమ్మ గారు ఒప్పుకున్నారు. పరీక్షా అయిపోతుంది, అయ్యకు కోటూ వస్తుంది. కుట్టుపనిలో కూడా నెగ్గినవాళ్ళనే విజయనగరంలో టీచరు ట్రైనింగుకు పంపుతారు. ఆ ట్రైనింగు అయితే నేను తిరిగొచ్చి నీ బడిలో నీ పక్కన నిలబడి పాఠం చెప్పవచ్చు. అందుకని అయ్య కొలతలు పంపించు. పురికొస తీసుకుని ఛాతీకొక ముడి, భుజాలకొక ముడి, చేతి పొడుగుకొక ముడి వేస్తే చాలు.

నా ఉత్తరాలు నువ్వే అయ్యకు చదివి వినిపిస్తావు కదా, ఇక్కడి నుంచి మాత్రం అయ్యకు చదవకు. బల్ల మీద రెండో వస్తువు తెలుగు నిఘంటువు. నేను దాన్ని తెరిచి చూశాను. చలి అన్న మాట వెతికాను. దాని వెనక చలికాలం, చలిజ్వరం, చలిమంట, చలిమిడి వరసగా నిలబడి ఉన్నాయి. ఇన్ని మాటలు ఒకే తల్లి పిల్లల్లా ఒక చోట ఉండడం నేను ఇదివరకు చూడలేదు. పేజీ తిప్పాలని వేళ్ళు కొట్టుకున్నాయి. కాని చలిజ్వరం దగ్గర వేలు ఆగిపోయింది. పుస్తకం మూసి గుడ్డ తీసుకున్నాను. దొరసాని మళ్ళీ అడిగారు. మళ్ళీ గుడ్డే అన్నాను. ఈ సంగతి తెలిస్తే అయ్య కోటు తొడుక్కోడు. నీకు మాత్రం చెప్పకుండా ఉండలేకపోయాను.

నీ శిష్యురాలు,
రత్న


శృంగవరపుకోట,
14 నవంబరు 1926.

తెరిసమ్మక్కా,

పురికొస చేరింది. దాన్ని క్లాసులో బల్ల మీద పరిచేసరికి అందరూ పని మానేసి చుట్టూ చేరారు. మా సోములమ్మ నీకు గుర్తుందా, పాచిపెంట పిల్ల, నోటికి అడ్డూ ఆపూ లేనిది. "ఏటే రత్నా, మీ అయ్యని కొలిసేరా, మీ ఇంటి గాదిని కొలిసేరా?" అన్నది. మగ్దలేనమ్మ గారు కూడా ముడి నుంచి ముడికి టేపు పెట్టి చూసి, ఈ మనిషి కొండ ఎక్కడమెందుకు, ఈయనే కొండలా ఉన్నాడు అన్నారు.

నాకూ అనుమానం వచ్చింది. వేసవిలో చూసిన అయ్య ఇంత వెడల్పు లేడు. కాని నువ్వు రాశావు కదా, కొలత నువ్వు తీస్తానంటే అయ్య ఒప్పుకోలేదని, "నానే కొలిసి తెత్తాను, మీకెందుకు" అని పురికొస మొలలో దోపుకుని పోయి, మర్నాడు చావిడి నుంచి తిరిగొచ్చాక ముళ్ళు వేసి ఇచ్చాడని. సామలు కొలిచినా చోళ్ళు కొలిచినా అయ్య చెయ్యి తప్పడం నేను చూడలేదు. చొక్కా వేసుకోని మనిషిని కంటితో కొలవడంలో నేనే పొరపడి ఉంటాను. ముడి ఎక్కడుంటే అక్కడే గుడ్డ మీద సుద్దగీత గీశాను.

కోటు అంటే పైకి కనిపించే గుడ్డ ఒక్కటే అనుకునేదాన్ని. కాదు. లోపల ఇంకో కోటు ఉంటుంది. రొమ్ము దగ్గర బిరుసుగా నిలబడడానికి కాన్వాసు గుడ్డ, భుజాలు ఎత్తుగా కనిపించడానికి దూది మెత్తలు, ఇవన్నీ కప్పడానికి నున్నటి లోపలి గుడ్డ. ఆ లోపలి గుడ్డను అస్తరు అంటారు. ఎంత బాగుందో చూడు ఆ మాట. పలికితేనే చేతిలోంచి జారిపోతున్నట్టు ఉంది. అస్తరు, అస్తరు అనుకుంటూ ఆ రోజంతా తిరిగాను. నిన్న బావి దగ్గర సోములమ్మ నన్ను ఆ పేరుతోనే పిలిచింది.

కాని నాకొక చిక్కు వచ్చిపడింది. అయ్య సంచిని కర్ర చివర కట్టి, ఆ కర్రను భుజాన వేసుకుని నడుస్తాడు కదా. దూది పెట్టిన ఎత్తు భుజం మీద కర్ర నిలుస్తుందా అని అనుమానం కలిగింది. చూద్దామని క్లాసులోని నమూనా కోటు సోములమ్మకు తొడిగి, భుజం మీద రోకలి పెట్టి, దాని చివర పలకల సంచి కట్టి, వరండాలో పరిగెత్తమన్నాను. రెండడుగులు వేసిందో లేదో రోకలి వాలుకు జారిపోయి గోడకు తగిలింది. పలకలు కింద పడ్డాయి. మళ్ళీ పెట్టాను. మళ్ళీ జారింది. మూడోసారి సోములమ్మ "నాను పరిగెట్టను, నీ అయ్యనే పిలుసుకో" అని కూర్చుంది.

చప్పుడుకు మగ్దలేనమ్మ గారు వచ్చారు.

"ఏటర్రా ఈ కోలాటం? పలకలు పగిలితే ఎవరిస్తారు?"

నేను సంగతి చెప్పాను. దూది తీసేసి, కాన్వాసు లేకుండా, అస్తరు లేకుండా ఉత్త ఉన్ని గుడ్డతోనే కుట్టవచ్చా అని అడిగాను. ఘాటీ ఎక్కేటప్పుడు అయ్యకు చెమట పడుతుంది, అస్తరు తడిస్తే చలిలో ఆరదు, ఒంటి గుడ్డ అయితే నెగడు దగ్గర ఒక చుట్ట కాల్చేలోగా ఆరిపోతుంది అని కూడా అన్నాను.

"కోటుకి భుజాలే ప్రాణం. అవి తీసేస్తే అది కోటు కాదే, చేతులున్న కంబళి," అన్నారామె. కోపంగా అనలేదు. "పరీక్ష చేసే అమ్మగారు దాన్ని మనిషికి తొడిగి చూడరు. కొయ్యబొమ్మకి తగిలిస్తారు. కొయ్యబొమ్మ మీద భుజం నిలబడాలి. నిలబడకపోతే పరీక్ష తప్పినట్టే. నేను అడ్డం రాలేను. ఆలోచించుకో."

ఇక్కడి నుంచి అయ్యకు చదవొద్దు. ఆలోచించుకున్నాను అక్కా. ఉన్ని గుడ్డ ఒక్క కోటుకే సరిపోతుంది, నేను వద్దన్న డ్రిల్లు గుడ్డ ఈసారికి ఇక రాదు. అది కొయ్యబొమ్మకి కుట్టాలో, అయ్యకి కుట్టాలో తేల్చుకోవాలి. పరీక్షకని బిరుసుగా కుట్టి, తర్వాత లోపలివన్నీ విప్పేస్తే సరిపోదా అని సోములమ్మ సలహా చెప్పింది. సరిపోదు. భుజం దగ్గర గుడ్డ కత్తిరించే తీరే వేరు. దూదికి తగ్గట్టు కత్తిరించిన భుజంలోంచి దూది తీసేస్తే గుడ్డ సంచిలా వేలాడుతుంది. అందుకని అయ్యకే కుడుతున్నాను. దూది లేదు, కాన్వాసు లేదు, అస్తరు లేదు. అస్తరు లేకపోతే పని తగ్గుతుందనుకున్నాను, పెరిగింది. లోపలి అంచులు దాచడానికి ఏమీ లేదు కనక ప్రతి అంచునూ సన్నని పట్టీతో మడిచి కుట్టాలి. ఏ కుట్టు వంకర పోయినా కనిపిస్తుంది. నేను వంకర పోనివ్వడం లేదు.

ఇట్లు,
నీ రత్న


శృంగవరపుకోట,
19 డిసెంబరు 1926.

అక్కా,

పరీక్ష గురువారం జరిగింది. కోట్లన్నీ వరసగా కొయ్యబొమ్మల మీద నిలబెట్టారు. తెల్ల డ్రిల్లు కోట్లు కచేరీలో గుమస్తాల్లా భుజాలు ఎత్తి నిలబడ్డాయి. వాటి చివర నా బూడిద కోటు వానలో తడిసిన కాకిలా ఉంది. చూసి నాకే నవ్వు వచ్చింది. పరీక్ష చేసే అమ్మగారు దాన్ని తిప్పి చూశారు. లోపలి పట్టీలను వేలితో తడిమారు. కుట్టు బాగుందన్నారు. తర్వాత భుజం మీద రెండు వేళ్ళు పెట్టి నొక్కారు. వేళ్ళు కొయ్యబొమ్మ దాకా దిగిపోయాయి. మగ్దలేనమ్మ గారి వైపు చూసి, ఈ పిల్లకు కోటుకు భుజం కట్టడం నేర్పలేదా అని అడిగారు. మగ్దలేనమ్మ గారు నాకు చేతకాలేదని అనలేదు. నేర్పాను, ఆమె కావాలనే ఇలా కుట్టింది అన్నారు. నేను తప్పాను. సోములమ్మ నెగ్గింది. రాత్రి భోజనాల దగ్గర తన చేప ముక్క నా పళ్ళెంలో వేసి, తల తిప్పుకుని తిన్నది.

మార్చి నెలలో ఇంకొకసారి పరీక్ష పెడతారట. డ్రిల్లు గుడ్డ బడివాళ్ళే ఇస్తారు. అప్పుడు పద్ధతి ప్రకారం దూది పెట్టి, కాన్వాసు వేసి, అస్తరు కట్టి కోటు కుట్టి చూపిస్తే జూన్‌లో సోములమ్మతో పాటే ట్రైనింగుకు వెళ్ళవచ్చు. అప్పుడూ తప్పితే ఎనిమిదో క్లాసుతో ఇంటికి రావడమే. మార్చిలో కుడతానని చెప్పాను. బాధ లేదని అనను. కాని ఈ ఉత్తరంతో పాటు కోటు పార్సిలు కూడా వస్తోంది. అయ్య దాన్ని తానే మోసుకొస్తాడు, ఏం మోస్తున్నాడో తెలియకుండానే. ఆ మాట తలచుకుంటే నవ్వు వస్తోంది.

పరీక్ష సంగతి అయ్యకు చెప్పకు. కోటు బడిలో అందరికీ నచ్చిందని మాత్రం చదువు. తొడుక్కున్నప్పుడు ఏమన్నాడో పొల్లు పోకుండా నాకు రాయి.

రత్న


శృంగవరపుకోట,
22 జనవరి 1927.

తెరిసమ్మక్కా,

ఈ ఉత్తరంలో చదవకు అన్న ముక్క లేదు. మొదటి అక్షరం నుంచి నా సంతకం దాకా అయ్య ముందు కూర్చుని చదువు.

కోటు అందిందని, అయ్య తొడుక్కుని గుమ్మంలో అటూ ఇటూ తిరిగాడని, వదులుగా బాగుంది అన్నాడని నువ్వు రాశావు. ఆ ఉత్తరం నా పెట్టెలో పైనే పెట్టుకున్నాను. ఇక్కడ కూడా ఈ నెలంతా చలి. తెల్లవారి లేచి బావి దగ్గర నీళ్ళు తోడేటప్పుడు చేతులు కొంకర్లు పోతుంటే, పోనీలే, అయ్య వెచ్చగా ఉన్నాడు కదా అనుకునేదాన్ని.

నిన్న మాకు మధ్యాహ్నం సెలవిచ్చి, ఉత్తరాలు వెయ్యడానికి టపా కచేరీకి తీసుకెళ్ళారు. మేం మెట్ల దగ్గర ఉండగా గజ్జెల చప్పుడు వచ్చింది. పిల్లలందరూ పక్కకు తప్పుకున్నారు. రన్నరు గజ్జెల బల్లెం ఊపుకుంటూ వచ్చాడు. ఎత్తయిన మనిషి, ఎద్దు మెడ, పెద్ద మీసాలు. మా అయ్య కాదు. ఒంటి మీద నేను కుట్టిన కోటు ఉంది.

పొరపాటు పడ్డానేమో అనుకోకండి. ఎడమ జేబు పైన పట్టీ చాలక అతుకు వేశాను, ఆ అతుకు చూశాను. కింది గుండీకి వేసిన నల్ల దారం చూశాను. ఆ కోటు ఆయనకు సరిగ్గా సరిపోయింది. భుజం నుంచి చేతి దాకా ఎక్కడా ఒక వేలు ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆయన లోపలికి వెళ్ళి సంచి దింపి, మళ్ళీ మా ముందు నుంచే వెళ్ళిపోయాడు. సోములమ్మ నా చెయ్యి పట్టుకుని "అది మీ అయ్య కోటే కదే" అన్నది. కాదన్నాను.

అయ్యా, ఇది నిన్ను అడుగుతున్నాను. కోటు అమ్మేశావా? ఇచ్చేశావా? ఆ మనిషికి ఇవ్వాలని మొదటే అనుకుని నాకు ఆయన కొలతలు పంపావా? నాకు మొదటి బహుమానంగా మాటల పుస్తకం ఇస్తామంటే వద్దని ఆ గుడ్డ తెచ్చుకున్నాను. నీ భుజం మీద కర్ర జారకూడదని దూది తీసేసి కుట్టి పరీక్ష తప్పాను. ఇవన్నీ నీకు చెప్పొద్దని తెరిసమ్మక్కకు రాశాను. ఇప్పుడు చెబుతున్నాను.

డ్రిల్లు గుడ్డ నా బల్ల మీద మడత విప్పకుండా ఉంది. రెండో కోటు నేను కుట్టను. ట్రైనింగుకు వెళ్ళను. మార్చిలో బడి మూసే రోజున సంతకు దిగే మన ఊరివాళ్ళెవరినైనా పంపితే వాళ్ళతో వచ్చేస్తాను. చోళ్ళు దంచడం నేనేమీ మరిచిపోలేదు. మగ్దలేనమ్మ గారికి కూడా ఈ మాటే చెప్పాను. ఆమె నా ముఖం చూసి, కత్తెర నీ బల్ల మీదే ఉంటుంది అని మాత్రం అన్నారు.

సుక్రు కూతురు,
రత్న


శృంగవరపుకోట,
5 ఫిబ్రవరి 1927.

నా మాట నిలుపుకోని తెరిసమ్మక్కకు,

నీ మీద కోపం ఉంది. అది తర్వాత రాస్తాను. ముందు నిన్న జరిగింది విను. అయ్యకు కూడా చదువు, ఎలాగూ చదువుతావు కదా.

మేం అన్నాలు తిని చేతులు కడుక్కుంటుండగా బడి గేటు దగ్గర గజ్జెల చప్పుడైంది. టపా రన్నరు ఎప్పుడూ బడికి రాడు. కాపలా ముసలాయన అడ్డం పడితే, అదే కోటు తొడుక్కున్న ఆ మీసాల రన్నరు ఆయన నెత్తి మీంచి లోపలికి తొంగి చూస్తూ ఒక కేక వేశాడు.

"సుక్రు కూతురు రత్నంటే ఎవులు?"

నేనే అన్నాను.

"నువ్వేనేటి గుంటా, మీ అయ్యకి ఉత్తరం రాసి నన్ను దొంగని సేసినావు?"

మగ్దలేనమ్మ గారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చారు. "ఎవరయ్యా నువ్వు? ఆడపిల్లల బడికాడ ఏటి నీ కేకలు?"

"టపా రన్నర్నమ్మా. సింహాచలం నా పేరు. ఈ గుంటకి ఉత్తరం ఉంది, పోస్టుమాస్టరుగారి నడిగి నానే తెచ్చేను. ఈ కోటు నాది కాదు. ఇవాళ నాది. రేపు ఈ గుంట అయ్యది. ఎల్లుండి మళ్ళీ నాది. మా ఈదిలో ఇప్పుడు నన్ను సింహాచలమని ఎవుడూ పిలవడు, సగం కోటోడా అంతన్నారు."

పిల్లలందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అదేమిటని అడిగాను. ఆయన తెల్లారి పైకి మోయాల్సిన సంచి దింపి మెట్టు మీద కూర్చుని, గొంతు తగ్గించి చెప్పాడు.

"నీకు మీ అయ్య సెప్పలేదు, సెప్పడు. పోయినేడు ఇదే నెల్లో చావిడికాడ ఆయనకి చలిజ్వరం తగిలేసింది. పళ్ళు కొట్టుకుంతన్నాయి. కూకోలేడు, నిలబడలేడు. నా దుప్పటి కప్పి నెగడుకాడ తొంగోబెట్టి, ఆయన మొయ్యాల్సిన సంచి నానే అరకు అట్టుకెళిపోనాను. మళ్ళీ ఎనక్కొచ్చి నా సంచి కిందకి దింపేను. ఎవులికీ సెప్పలేదు. రన్నరు పడిపోనాడని కచేరీలో తెలిస్తే ఉజ్జోగం ఊసిపోద్ది. సంచి ఒచ్చిందా అని అడుగుతారు గానీ ఎవులు మోసేరని అడగరు కదా. నాకున్నదీ ఆ దుప్పటొక్కటే. అది ఆయనకి ఒగ్గేసి నాను ఒట్టి ఒంటితో దిగేను. మీ అయ్య మనసులో అది ఉండిపోనాది."

"మరి కొలతలు?" అన్నాను.

"అదా? ఒకనాడు చావిడికాడ సంచి దింపేనో లేదో, 'నిలబడు బావా' అని నా సుట్టూ పురికొస తిప్పేడు. 'ఏటి బావా, నన్ను పాడె కట్టేత్తావేటి' అన్నాను. 'నా కూతురు కోటు కుడతంది' అన్నాడు. 'నీకా నాకా' అన్నాను. 'నీ ఒంటికి పడితే నా ఒంటికీ పడద్ది. నా ఒంటికి కుడితే నీకు మోసేతికాడే ఆగిపోద్ది' అన్నాడు. ఇంక నానేటంటాను?"

చావిడి దగ్గర వాళ్ళు సంచులతో పాటే కోటు కూడా మార్చుకుంటున్నారట అక్కా. ఇవాళ ఒకరు, రేపు ఒకరు. దూది పెట్టిన కోటయితే దాని భుజాలు ఒక్కరికే సరిపోయి ఉండేవి. ఇది ఎవరు తొడిగితే వాళ్ళ భుజం మీద వాలిపోతుంది. ఇది నేను ఆలోచించి చేసింది కాదు. కర్ర జారకూడదని మాత్రమే నేను దూది తీశాను. ఇద్దరికి సరిపోవాలన్న ఆలోచన అయ్యది.

మగ్దలేనమ్మ గారు ఇదంతా విని, ఆయన చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. "కర్ర భుజానెయ్యి. నడు. చెయ్యి ఎత్తు," అన్నారు. ఆయన సంచి కట్టిన కర్ర భుజాన వేసుకుని గేటు దాకా నడిచి వచ్చాడు. కర్ర కదలలేదు. కాని చెయ్యి ఎత్తేసరికి కుడి చంక కింద కుట్టు పగిలి లోపలి చొక్కా కనిపించింది.

"చూశావా రత్నా," అన్నారామె. "నువ్వు భుజం గురించే ఆలోచించావు. కర్ర పట్టుకున్నవాడి చెయ్యి ఎప్పుడూ పైకే ఉంటుంది. చంకలో చౌకం ముక్క వెయ్యాలి." ఆయన చేత కోటు విప్పించి, కాలరు లోపలి మడతలోంచి కాస్త గుడ్డ కత్తిరించి, నాలుగు పలకల ముక్క చేసి, మూల మీద నిలబెట్టి చంకలో ఎలా అతకాలో చూపించారు. ఒక వైపు ఆమె కుట్టారు, రెండో వైపు నాతో కుట్టించారు. అంతసేపూ సింహాచలం మావ మెట్టు మీద ఒళ్ళు ముడుచుకుని కూర్చుని, "బేగి కుట్టండమ్మా, చలికి నాను సచ్చిపోతే మీ ఉత్తరాలు ఎవులు మోత్తారు" అని గొణుగుతూనే ఉన్నాడు.

ఆయన వెళ్ళాక, ఇప్పుడైనా ఆ కోటుకు మార్కులు వేస్తారా అని సోములమ్మ అడిగేసింది. నేను అడగాలనుకున్నదీ అదే. మగ్దలేనమ్మ గారు లేదన్నారు. "భుజం నిలబెట్టడం రానివాళ్ళు దూది తీసేస్తే చేతకాక తీసేశారంటారు. వచ్చినవాళ్ళు తీసేస్తే అది వేరు. నువ్వు ఏ రకమో నాకింకా తెలీదు. ముందు నిలబెట్టి చూపించు," అని కత్తెర నా ముందు పెట్టారు. నాకు ఆ మాట సబబుగానే తోచింది. నిన్న సాయంత్రమే డ్రిల్లు గుడ్డ మడత విప్పాను. ఇవాళ కాన్వాసు మీద, తర్వాత విప్పేసే కచ్చా కుట్లు వేస్తున్నాను. దూది పొరలు పొరలుగా పరచి భుజం కట్టడం అనుకున్నంత తేలిక కాదు, అనుకున్నంత పనికిరానిదీ కాదు. మార్చిలో కోటు చూపిస్తాను. జూన్‌లో విజయనగరం వెళతాను. అందుకని సంతకు దిగేవాళ్ళెవరినీ నా కోసం పంపవద్దు.

ఇప్పుడు నీ సంగతి. మావ తెచ్చిన నీ ఉత్తరం అందరూ వెళ్ళాక చదివాను. మొదటి ఉత్తరం నుంచీ చదవకు అన్న ముక్కలన్నీ నువ్వు అయ్యకు చదువుతూనే వచ్చావట. నువ్వు గొంతు తగ్గిస్తే అయ్య కనిపెట్టేశాడని, "నాను మోసుకొచ్చిన ఉత్తరంలో నాకు సెప్పకూడనిది ఏటుంటాది? సదువు" అన్నాడని రాశావు. నిఘంటువు సంగతి విన్న రోజున "ఆ పుస్తకం ఎంత బరువుంటాది?" అని మాత్రం అడిగాడని రాశావు. పరీక్ష తప్పానని విన్న రోజున కోటు విప్పి ఒళ్ళో పెట్టుకుని లోపలి కుట్లన్నీ వేలితో తడుముతూ కూర్చున్నాడని, గుంట చెప్పొద్దంది కనక మనకు తెలీనట్టే ఉండాల అన్నాడని రాశావు. అయితే ఇన్నాళ్ళూ నేను దాస్తున్నాననుకున్నాను, అయ్య తనకు తెలుసన్న సంగతి నా దగ్గర దాచాడు. నా మాట తప్పినందుకు నీ మీద కోపం ఉందన్నాను కదా. ఇక్కడికి వచ్చేసరికి అది కనిపించడం లేదు.

అయ్యా, అమ్మావా ఇచ్చావా అని అడిగినదానికి నువ్వు చెప్పించిన జవాబు తెరిసమ్మక్క నీ మాటల్లోనే రాసింది. "అమ్మలేదు, ఇవ్వలేదు. నా ఒక్కడి కోటయితే తెల్లారి మేకు మీంచి తీసి తొడిగినప్పుడు ఒళ్ళు జల్లుమంటాది. ఇది బావ ఒంటి మీంచి తిన్నగా నా ఒంటి మీదకొత్తాది. ఎచ్చగా ఒత్తాది." ఇది చదివి, చౌకం ముక్క కుట్టిన దారం ముక్క ఇంకా నా పమిటకు అంటుకుని ఉంటే తీసి కాగితం మీద పెట్టాను. దాన్ని ఈ ఉత్తరం మడతలో పెట్టి పంపుతున్నాను.

ఈ ఉత్తరం ఎల్లుండి పొద్దున్న మావ సంచిలో ఎక్కుతుంది. వంతు లెక్కన ఆ రోజు కోటు కూడా పైకే వస్తుంది. కుడి చంక ఇప్పుడు గట్టిగా ఉంది, కర్ర ఎంత ఎత్తుకు పట్టుకున్నా ఫరవాలేదు. తెరిసమ్మక్కా, ఈసారి నీకొకటే పని. అయ్య ఇంటికి రాగానే కోటు విప్పనివ్వక, అలాగే కూర్చోబెట్టి ఇది చదువు.

మీ ఇద్దరి
రత్న